పడుకోనిది పిల్లా, ఇల్లా?

పిల్లల్ని నిద్రపుచ్చడం మీద ఇంగ్లిషులో నూట ముప్పై ఏళ్లుగా పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. వాటిలో సగానికి సగం ఒకటే తగువు. పక్క మీద ఏడుస్తున్న పిల్లను ఎత్తుకోవాలా, ఏడ్చి ఏడ్చి అదే పడుకుంటుందని వదిలేయాలా? 1894లో న్యూయార్క్ పిల్లల వైద్యుడు లూథర్ ఎమెట్ హోల్ట్ రాసిన శిశుపోషణ పుస్తకం వదిలేయమంది. 1928లో మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ వాట్సన్ అసలు ముద్దుచేయడమే తప్పన్నాడు. మరీ ఉండలేకపోతే పడుకునేముందు నుదుటి మీద ఒక్క ముద్దు పెట్టి ఊరుకోమన్నాడు. 1946లో వచ్చిన బెంజమిన్ స్పాక్ మిగతా అన్ని విషయాల్లో తల్లులకు ధైర్యం చెప్పినా, రాత్రి పేచీ దగ్గర మాత్రం బయటికి వచ్చేసి మళ్లీ లోపలికి వెళ్లొద్దనే చెప్పాడు. 1985లో బోస్టన్ వైద్యుడు రిచర్డ్ ఫెర్బర్ దాన్ని కాస్త మెత్తబరిచాడు. వదిలేయండి, కానీ కొన్ని నిమిషాలకోసారి వెళ్లి పలకరించి రండి, ఆ వ్యవధి పెంచుకుంటూ పొండి అన్నాడు. 1990లలో విలియమ్ సియర్స్ ఇదంతా కొట్టిపారేసి, పిల్లను పక్కలోనే వేసుకోమన్నాడు.

ఈ తగువు తెలుగు ఇళ్లకు సగమే వర్తిస్తుంది. మన దగ్గర పిల్ల అమ్మానాన్నల మధ్యో, నాయనమ్మ పక్కనో పడుకుంటుంది. ఐదారేళ్లు వచ్చినా దాన్ని ఎవరూ తప్పుపట్టరు. ఒంటరిగా పడుకోవడం లేదని డాక్టరు దగ్గరికి వెళ్లే తల్లి అరుదు. మన ఇళ్లలో వినబడే ఫిర్యాదులు వేరు. పదకొండైనా పడుకోడు. అందరూ పడుకుంటేగానీ కన్ను మూయదు. ఫోన్ చేతికిస్తేగానీ పక్క ఎక్కడు. మూడింటికీ మూలం ఇంటి రాత్రి నడిచే తీరులో ఉంది. నిద్రపుచ్చే పద్ధతుల గురించి వాదించుకునే ముందు పిల్ల ఏ వేళకు, ఏ వెలుతురులో, ఎంత సందడి మధ్య పక్క ఎక్కుతోందో చూడాలన్నది నా అభిప్రాయం. శాస్త్రం కూడా ఎక్కువగా ఆ వైపే మొగ్గుతోంది.

జ్యూరిక్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రతిపాదించిన నమూనా నేటికీ నిద్ర శాస్త్రానికి పునాది. నిద్ర రావాలంటే రెండు కలిసి రావాలి. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ లాంటి పదార్థాలు పేరుకుని నిద్ర ఒత్తిడి పెరుగుతుంది. ఇది మొదటిది. చీకటి పడ్డాక మెలటోనిన్‌ను విడుదల చేయించే లోపలి గడియారం రెండోది. చిన్నపిల్లల్లో ఒత్తిడి త్వరగా నిండుతుంది. పగటి కునుకు అందుకే. ఆ కునుకు సాయంత్రం ఐదున్నర దాకా సాగితే రాత్రి తొమ్మిదికి ఒత్తిడి మిగలదు, ఎంత జోకొట్టినా లాభముండదు. లోపలి గడియారమైతే పుట్టిన వెంటనే మొదలవదు. మెలటోనిన్ లయ రెండు మూడు నెలలకు గానీ కుదురుకోదు. నెల బిడ్డకు రాత్రీ పగలూ తేడా తెలియడం లేదని కంగారుపడే వాళ్లకు చెప్పగలిగింది అంతే, దానికింకా గడియారం తయారవలేదు.

నెల, నెలన్నర బిడ్డ సాయంత్రం వేళ గుక్కపట్టి ఏడవడం కూడా ఈ వయసుదే. ఆ ఏడుపు ఆరో వారం ప్రాంతంలో బాగా పెరిగి, మూడు నెలలు దాటేసరికి తగ్గుతుందని అమెరికన్ వైద్యుడు బ్రేజల్టన్ 1962లోనే నమోదు చేశాడు. మన ఇళ్లలో ఆ వేళకు దిష్టి తీస్తారు. ఉప్పూ మిరపకాయల్లో ఏముందో గానీ, చూడవచ్చిన జనాన్ని గదిలోంచి పంపించేసి, పసిదాన్ని ఒకరి ఒళ్లోనే కదలకుండా ఉంచడంలో మాత్రం లాభముంది.

"నిద్ర వేళ దాటిపోయింది, ఇక దాన్ని ఎవరూ పట్టలేరు" అని పెద్దవాళ్లు అంటుంటారు. వేళ దాటితే చిరాకు, అలసటతో వచ్చే హుషారు రెండూ ఎక్కువవుతాయి. దీనికి తిరకాసు ఇంకొకటుంది. నిద్ర వేళకు ముందు మెదడు బాగా చురుగ్గా ఉండే సమయం ఒకటి వస్తుంది. ఇజ్రాయెల్ పరిశోధకుడు పెరెట్జ్ లావీ 1986లో దానికి నిషిద్ధ మండలమని పేరు పెట్టాడు. పిల్ల మంచాల మీద గెంతేది ఆ సమయంలోనే. అప్పుడు లైటు తీసేసి పడుకోమంటే అరగంటో ముప్పావుగంటో యుద్ధమే. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో రెండున్నర నుంచి మూడేళ్ల లోపు పిల్లలు పద్నాలుగు మందిని పరీక్షించారు. మెలటోనిన్ పెరగడం మొదలయ్యేది సగటున రాత్రి 7:40కి. ఆ పెరుగుదలకు ముందే పక్క మీద వేసిన పిల్లలు నిద్రపోవడానికి ఎక్కువ సతాయించారు. ఆ 7:40 మనకు ముహూర్తం కాదు. ఆలస్యంగా పడుకునే ఇంట్లో పెరిగే పిల్ల గడియారం ఆలస్యంగానే తిరుగుతుంది.

వెలుతురు గురించి కొలరాడోలోనే ఇంకో పరిశోధన జరిగింది. 2022లో ఆ బృందం మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు 36 మందిని పడుకునే ముందు ఒక గంట రకరకాల కాంతిలో ఉంచి చూసింది. 5 నుంచి 40 లక్స్, అంటే ఇంట్లో మనం మసక అనుకునే వెలుతురులోనే, మెలటోనిన్ సగటున 78 శాతం తగ్గింది. కాంతి తీసేశాక కూడా చాలామందిలో అది వెంటనే కోలుకోలేదు. పిల్లల కంటిపాప పెద్దది, కటకం నిర్మలమైనది, వెలుతురు లోపలికి ఎక్కువ వెళుతుంది. మన హాల్లో ట్యూబ్‌లైటు గానీ తెల్లటి ఎల్‌ఈడీ గానీ పడుకునే క్షణం దాకా వెలుగుతూనే ఉంటుంది. తర్వాత ఒక్కసారిగా బెడ్‌రూములో జీరో బల్బు వేసి, ఇక కళ్లు మూసుకోమంటాం. ఒక గంట ముందే ట్యూబ్‌లైట్లు ఆపి ఏదో మూల పసుపు బల్బు ఒకటి వెలిగించుకుంటే ఖర్చేమీ లేదు. ఇంట్లో మిగతావాళ్లు ఆ మసకలో గంటసేపు ఉండటానికి ఒప్పుకోవాలి, కష్టం అక్కడే.

ఫోన్ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా. రెండేళ్ల లోపు పిల్లలకు తెర వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. భారత పిల్లల వైద్యుల సంఘం కూడా రెండేళ్ల దాకా అసలే వద్దంది. కార్టూన్ పెడితే కదలకుండా పడుంటాడని తల్లులు అంటారు, నిజమే. కదలకపోవడం వేరు, నిద్రకు దిగడం వేరు.

ఇక వేళ. 2010లో 17 దేశాలకు చెందిన 29,287 మంది మూడేళ్ల లోపు పిల్లల మీద, ఎక్కువగా ఇంటర్నెట్ ద్వారా, ఒక సర్వే అచ్చయింది. పడుకునే వేళ న్యూజిలాండ్‌లో సగటున రాత్రి 7:28, హాంకాంగ్‌లో 10:17. భారత్ కూడా అందులో ఉంది. మొత్తంగా ఆసియా దేశాల పిల్లలు ఆలస్యంగా పడుకుంటారు, తక్కువసేపు నిద్రపోతారు, పెద్దవాళ్ల గదిలోనే ఉంటారు. పిల్లకు నిద్ర సమస్య ఉందని చెప్పే తల్లిదండ్రులూ ఇక్కడే ఎక్కువ. దీన్ని చూసి తప్పంతా పక్కలో పడుకోబెట్టడానిదేనని తేల్చిన వాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పక్కలో పడుకోవడం తరతరాలుగా ఉన్నదే. పదకొండు గంటల రాత్రి మాత్రం ఈమధ్య వచ్చింది.

హైదరాబాద్‌లో ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఒక ఇంటి లెక్క వేసి చూద్దాం. నాన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి ఎనిమిదిన్నర, తొమ్మిది. అప్పటికి పిల్ల కళ్లు నులుముకుంటూ ఉంటుంది. గేటు చప్పుడు వినగానే నిద్ర ఎగిరిపోతుంది. నాన్న పగలంతా చూడలేదు కాబట్టి ఎత్తుకుని పైకి ఎగరేస్తాడు, కితకితలు పెడతాడు. తొమ్మిదిన్నరకు భోజనాలు, పక్కన టీవీలో సీరియల్. పదిన్నరకు అమ్మ వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే పిల్ల సోఫా మీద. పదకొండుకు నిద్ర. ఎల్‌కేజీ బస్సు ఏడున్నరకు వస్తుంది, లేవాల్సింది ఆరున్నరకు. నిద్ర ఏడున్నర గంటలు. మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు కావాలని అమెరికా నిద్ర వైద్యుల అకాడమీ 2016లో చెప్పింది. ఈ పిల్లకు రాత్రి నిద్రలో కనీసానికి రెండున్నర గంటలు తక్కువ. బడిలో కునుకు తీయనివ్వరు, బస్సులో తూగుతుంది, సాయంత్రం ఇంటికొచ్చి నాలుగింటికి పడిపోయి ఆరు దాకా లేవదు. దాంతో ఆ రాత్రి కూడా పదకొండే. ఈ చక్రానికి పిల్ల బాధ్యురాలు కాదు. దీన్ని ఏ జోలపాటా ఆపలేదు. రాత్రి నాన్న ఆటను పొద్దున బస్సు దాకా ఎత్తుకెళ్లే పనిగా మార్చుకున్న ఇళ్లు కొన్ని ఉన్నాయి. పిల్లకు ఏడున్నరకే అన్నం పెట్టేసి, పెద్దవాళ్లు తర్వాత తినే ఇళ్లూ ఉన్నాయి. అందరం కలిసి తినాలన్న పట్టుదల మంచిదే గానీ, నాలుగేళ్ల పిల్ల ఉన్నంతకాలం సెలవు రోజుకు వాయిదా వేసుకోవచ్చు.

పడుకునే వేళను ముందుకు జరపడానికి నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి తేలికైనది, ఏడిపించనిది. పిల్ల రోజూ నిజంగా ఎన్నింటికి నిద్రపోతోందో ముందు చూసుకోవాలి. పదకొండైతే మొదట్లో పదకొండుకే పక్క ఎక్కించాలి. అప్పుడు పేచీ ఉండదు, ఐదారు నిమిషాల్లో కునుకు పడుతుంది. ఆ అలవాటు స్థిరపడ్డాక కొద్ది రోజులకోసారి పావుగంట ముందుకు తేవాలి. పొద్దున లేపే వేళ మాత్రం సెలవు రోజుల్లో కూడా మార్చకూడదు, సాయంత్రం కునుకు కుదించాలి. చాలామంది దీనికి వ్యతిరేకంగా చేస్తారు. ఒక సోమవారం హఠాత్తుగా తొమ్మిదికే పడుకోబెట్టాలని నిర్ణయించుకుంటారు. పిల్ల రెండు గంటలు పక్క మీద దొర్లుతుంది, నీళ్లంటుంది, ఉచ్చ అంటుంది, తల్లి అరుస్తుంది. పక్కంటే పోట్లాడే చోటని పిల్లకు అలవాటవుతుంది.

వేళ కుదిరాక క్రమం. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జోడీ మిండెల్ బృందం 2009లో 405 మంది తల్లీపిల్లల మీద చేసిన ప్రయోగంలో స్నానం, ఒంటికి లోషన్ రాయడం, నిశ్శబ్దంగా గడపడం, తర్వాత పక్క అనే క్రమాన్ని రోజూ పాటించిన వాళ్లలో పిల్లలు త్వరగా నిద్రపోయారు, రాత్రి లేవడం తగ్గింది, రెండు వారాల్లో తల్లుల మనసు కూడా తేలికపడింది. ఆ పరిశోధనకు డబ్బు పెట్టింది పిల్లల సబ్బులూ నూనెలూ అమ్మే పెద్ద కంపెనీ అన్నది కూడా గుర్తుంచుకోవాలి. అయినా 2015లో 14 దేశాల్లో పదివేల మందికి పైగా తల్లుల్ని అడిగినప్పుడు కూడా వారంలో ఎన్ని రాత్రులు క్రమం తప్పకపోతే నిద్ర అంత మెరుగ్గా కనిపించింది. సబ్బు ఏదన్నది ముఖ్యం కాదు. మన సాయంత్రాల్లోనూ ఈ క్రమం ఉండేది. నూనె రాసి వేడినీళ్ల స్నానం, అన్నం, ఆరుబయట మంచం, కథ. అందులో సాంబ్రాణి పొగ ఒక్కటే పసివాళ్ల ఊపిరితిత్తులకు మంచిది కాదు, అది మానేయొచ్చు.

కథ దగ్గర కాస్త ఆగాలి. ఏడు చేపల కథ విననివాళ్లు తెలుగులో తక్కువ. ఎండని చేపను ఎందుకెండలేదని అడిగితే అది గడ్డిమేటు మీదికి నెడుతుంది, గడ్డి ఆవు మీదికి, ఆవు కాపరి మీదికి, ఇలా తప్పు చేతులు మారుతూ చివరికి చీమ దగ్గర ఆగుతుంది. నిద్రపుచ్చడానికి ఇంతకంటే పనికొచ్చే కట్టుబడి కష్టం. ప్రతి మలుపులో అదే ప్రశ్న, అదే ఊపు, పాత్ర మాత్రం మారుతుంది. నాలుగు రాత్రులు విన్న పిల్ల తర్వాతి జవాబు తనే అందిస్తుంది. కొన్ని రాత్రులయ్యాక ఆవు దగ్గరికి వచ్చేసరికి జవాబు ఆలస్యమవుతుంది, కాపరి దగ్గర ఇక రాదు. కొత్త కథలో తర్వాతేమవుతుందన్న ఆత్రం మెలకువ పెంచుతుంది. తెలిసిన కథలో ఆత్రం ఉండదు. అదే కథ మళ్లీ చెప్పమంటోందని విసుక్కునే తల్లిదండ్రులు ఆ కోరికను వరంగా తీసుకోవాలి. కథలో పులి గాండ్రింపు మాత్రం పగటికి దాచుకోవడం నయం. బూచాడొస్తాడని బెదిరించి కళ్లు మూయించడం కూడా అంతే. కళ్లు మూతపడతాయి, గుండె మాత్రం దడదడలాడుతుంది. మూడు నాలుగేళ్ల వయసులో చీకటి భయం ఎలాగూ వస్తుంది, మనం ఎరువు వేయనక్కర్లేదు.

జోలపాటకు శ్రుతి శుద్ధి అవసరం లేదు. హార్వర్డ్ పరిశోధకులు 144 మంది శిశువులకు వాళ్లెప్పుడూ వినని భాషల, దేశాల పాటలు వినిపించారు. అర్థం తెలియకపోయినా జోలపాటలకు గుండె వేగం మిగతా పాటలకంటే ఎక్కువగా నెమ్మదించింది. కర్ణాటక సంగీతంలో నీలాంబరి రాగానికి నిద్రపుచ్చే పేరుంది. అది రాని తల్లి కూనిరాగంతోనూ పని జరుగుతుంది.

భుజాన వేసుకుని తిప్పితే పడుకున్న బిడ్డ పక్క మీద వేయగానే కళ్లు తెరుస్తుంది. చేయి తల కింద నుంచి లాగే ఆ రెండు మూడు క్షణాలు ఊపిరి బిగబట్టని తల్లి లేదు. జపాన్‌లోని రికెన్ సంస్థ 2022లో 21 మంది శిశువుల మీద ఇదే పరీక్షించింది. ఐదు నిమిషాలు ఎత్తుకుని ఆగకుండా నడవాలి, నిద్రపోయాక ఎత్తుకునే కూర్చుని ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఆగాలి, అప్పుడు పక్క మీద వేయాలి. వీపు పక్కకు తగలడం కంటే ఒంటి నుంచి విడిపోవడమే బిడ్డను ఎక్కువగా లేపుతోందని తేలింది. చీర ఉయ్యాల విషయం వేరే. ఊగితే నిద్ర వస్తుంది, అందులో సందేహం లేదు. కానీ గుడ్డ గుంటలా కుంగి పసిదాని గడ్డం ఎదకు ఆనితే ఊపిరి ఇబ్బంది. పడుకున్నాక చదునైన గట్టి పక్క మీదికి మార్చాలి. ఇంకొకటి, రాత్రి నాలుగైదుసార్లు మెలకువ రావడం పిల్లలందరికీ సహజం. ఊపితే పడుకున్న పిల్ల మధ్యరాత్రి కూడా ఊపు అడుగుతుంది, పాలతో పడుకున్నది పాలు అడుగుతుంది. ఇంట్లో ఎవరికీ కష్టంగా లేకపోతే అది సమస్య కాదు. కష్టంగా ఉంటే, పూర్తిగా నిద్రపోకముందే, కళ్లు బరువెక్కిన దశలో పక్క మీద వేసి పక్కనే ఉండటం అలవాటు చేయాలి.

ఇక ఏడవనివ్వడం. సాక్ష్యం ఇది. 2006లో మిండెల్ బృందం సమీక్షించిన 52 పరిశోధనల్లో 94 శాతం ఇలాంటి ప్రవర్తన పద్ధతులు పనిచేశాయన్నాయి. మెల్‌బోర్న్‌లో శిశువులుగా ఈ పద్ధతుల్లో పెరిగిన పిల్లల్ని ఆరేళ్ల వయసులో మళ్లీ చూస్తే మంచీ కనపడలేదు, చెడూ కనపడలేదు. అడిలైడ్‌లో 2016లో 43 మంది శిశువుల మీద చేసిన ప్రయోగం కూడా తల్లితో అనుబంధం చెడలేదంది. ఏడుపు ఆగినా ఒత్తిడి హార్మోన్ తగ్గలేదన్న 2012 నాటి న్యూజిలాండ్ అధ్యయనాన్ని వ్యతిరేకులు చూపిస్తారు. అది కేవలం 25 మంది పిల్లలది, ఇంట్లో మామూలుగా ఆ హార్మోన్ ఎంతుంటుందో అందులో కొలవలేదు. కాబట్టి హాని రుజువు కాలేదు. అయినా మన ఇళ్లకు నేనిది సూచించను. పుస్తకం ఐదు నిమిషాలు ఆగమంటుంది, అమ్మమ్మ ముప్పై సెకన్లు ఆగదు. ఒక రాత్రి వదిలేసి మరో రాత్రి ఎత్తుకుంటే ఇంకాస్త గట్టిగా ఏడిస్తే పని జరుగుతుందని పిల్ల నేర్చుకుంటుంది. ఇంట్లో అందరూ ఒక మాట మీద లేనప్పుడు దాని జోలికి వెళ్లకపోవడమే మేలు. మూడేళ్లు దాటి మాటిమాటికీ మంచం దిగే పిల్లలకు 1999లో ఫ్రైమన్ బృందం పరీక్షించిన చిట్కా ఎంతో మర్యాదైనది. ఒక అట్టముక్క ఇస్తారు. రాత్రి ఒక్కసారి, నీళ్లకో ముద్దుకో, దాన్ని ఇచ్చి బయటికి రావచ్చు. ఇచ్చేశాక ఇక రాకూడదు. పిల్లలు దాన్ని దాచుకుంటూ దాచుకుంటూ నిద్రపోతారు.

పక్కలో వేసుకోవడం పెద్ద పిల్లలకు ఇష్టాయిష్టాల విషయం, శిశువులకు ప్రాణానికి సంబంధించింది. శిశువుల్ని వెల్లకిలా పడుకోబెట్టాలని అమెరికాలో 1994లో ప్రచారం మొదలయ్యాక ఆకస్మిక మరణాలు సుమారు సగానికి పడిపోయాయి. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2022లో కనీసం ఆరు నెలలు ఒకే గదిలో, కానీ వేరే పక్క మీద అంది. పాలిచ్చే తల్లి పక్కన బిడ్డ పడుకోవడం మానవ సహజమని వాదించే జేమ్స్ మెకెన్నా లాంటి మానవ శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఇద్దరూ కలిసే చోటు ఒకటుంది. పొగతాగే, మద్యం తాగిన మనిషి పక్కన వద్దు, సోఫాలో వద్దు, నెలలు నిండకుండా లేక తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకైతే అసలే వద్దు, మెత్తటి దిళ్లూ బొంతలూ ముఖం దగ్గర వద్దు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా ఆ జాబితాలోదే. చాప మీద గట్టి పరుపు వేసి పడుకునే పాత అలవాటు ఈ లెక్కన మెత్తటి మంచం కంటే నయం.

మందుతో పడుకోబెట్టే చరిత్ర పాతదే. బొంబాయి మిల్లుల్లో పనికి వెళ్లే తల్లులు పసివాళ్లకు నల్లమందు కలిసిన బాల గోళీ ఇచ్చేవారు. విక్టోరియా కాలపు ఇంగ్లండ్‌లో అదే పని సిరప్పులు చేశాయి. ఇప్పుడు ఆ స్థానంలో జలుబు సిరప్పు ఉంది. ప్రయాణంలోనో పెళ్లింట్లోనో మగతకని ఒక చెంచా పోయడం చాలా చోట్ల జరుగుతుంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన జలుబు మందుల మీద నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదని ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. జలుబుకే వద్దన్నది నిద్రకు అసలు వద్దు.

వేళ, వెలుతురు, క్రమం అన్నీ సరిచేసినా నెల గడిచినా పడుకోని పిల్ల ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రెండు విషయాలు ముఖ్యంగా అడగాలి. జలుబు లేకుండానే వారంలో మూడు నాలుగు రాత్రులు గురక పెడుతూ, నోరు తెరుచుకుని, మధ్యమధ్య ఊపిరి ఆగినట్టు ఉంటే ముక్కు వెనక ఎడినాయిడ్ గ్రంథులు, టాన్సిళ్లు వాచి ఉండొచ్చు. చెవి, ముక్కు, గొంతు డాక్టరు చూడాలి. పడుకున్నాక కాళ్లు తన్నుకుంటూ, దొర్లుతూ స్థిమితం లేకుండా ఉంటే ఒంట్లో ఇనుము ఎంతుందో పరీక్షించమనాలి. ఇనుము లోపానికీ కాళ్ల అస్థిమితానికీ సంబంధం ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం. మన దగ్గర ఇది అరుదైన అనుమానం కాదు. వెళ్లేటప్పుడు పిల్ల పడుకున్న, లేచిన, కునుకు తీసిన వేళలు రెండు వారాలవి ఒక కాగితం మీద రాసుకుని, గురకను ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీసుకుని వెళ్లండి. పగటిపూట క్లినిక్‌లో మెలకువగా ఆడుకుంటున్న పిల్లను చూసి రాత్రి ఎలా పడుకుంటుందో ఏ డాక్టరూ చెప్పలేరు.